పెద్దల పటం - 3వ పాఠం: గళ్లు గీయడం, మనిషిని నిలపడం

ఇంట్లో పోయిన పెద్దల కథను చేర్యాల పద్ధతిలో, అంటే గుడ్డ మీద గళ్లు గళ్లుగా కథ గీసే తెలంగాణ పద్ధతిలో, పటంగా గీస్తున్నాం. పోయిన పాఠంలో దానికి బట్ట తయారు చేసుకున్నాం. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల ముద్ద, జిగురు కలిపి మూడు పూతలు వేశాం. ఇప్పుడు ఆ గుడ్డను మెల్లగా చుట్టి చూడండి. పగుళ్లు వస్తే పూత మందమైనట్టే. ఉప్పుకాగితంతో రుద్ది, పల్చగా ఇంకో పూత వేయండి. పితృపక్షం మొదలైంది, దాని చివరి అమావాస్య పెత్రమాసలోగా పటం పూర్తి కావాలని టెన్షన్ పడి తడి మీదే గీయొద్దు. హైదరాబాద్‌లో ఈ రోజుల్లో ముసురు పడితే పూత ఆరడానికి రెండు రోజులు కూడా పడుతుంది.

మన గుడ్డ అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు. పైన మూడు అంగుళాలు, కింద మూడు అంగుళాలు వెదురు పుల్లలకు వదిలేయండి. మిగిలిన ముప్పై అంగుళాల్లో ఆరేసి అంగుళాల గళ్లు ఐదు వస్తాయి. గడికీ గడికీ మధ్య అంగుళం పూలబద్దీని ఆ ఆరు అంగుళాల్లోంచే తీసి వేస్తాం. ఈ పటాలు గీసే చిత్రకారులైన నకాషీలు గీసిన పటాలు గజాల పొడవుండేవి. కథ చెప్పేవాళ్లు ఒక్కో గడి విప్పుతూ రాత్రంతా కథ నడిపేవాళ్లు. మనం చెప్పేది ఒక్క మనిషి కథ, ఐదు గళ్లు చాలు.

అసలు పని ఇక్కడుంది. ఫోటో ముందు పెట్టుకొని ముఖం దించకండి. నేను మొదట మా నాయనమ్మ పటానికి అదే చేశాను. పాస్‌పోర్ట్ సైజు ఫోటో పెద్దది చేయించి, ట్రేసింగ్ పేపర్ పెట్టి గీశాను. ముక్కూ చెవులూ సరిగ్గానే వచ్చాయి, కానీ అందులో నాయనమ్మ లేదు. ఆమె ఎప్పుడూ అట్లా బిగుసుకొని కూర్చున్న మనిషి కాదు.

ఈ పద్ధతిలో ముఖాలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. మనిషిని గుర్తుపట్టేది చేతిలో ఏముంది, ఒళ్లు ఎటు వంగింది, పక్కన ఎవరున్నారు అనే వాటితోనే. అందుకే మొదటి పాఠంలో ఇంట్లోవాళ్లను అడిగి రాసుకున్న జ్ఞాపకాల్లోంచి, చేతికి పని ఉన్న ఐదింటిని ఏరండి. 'చాలా మంచిది' అనేది బొమ్మకు పనికిరాదు. 'చారెడు బియ్యం పిచ్చుకలకు తీసిపెట్టాకే చాటలో చెరిగేది' అనేది పనికొస్తుంది.

నేను ఏరినవి ఇవి: గోల్కొండ మెట్లెక్కుతూ నెత్తిన బోనం. లాడ్ బజార్‌లో లక్క గాజుల కోసం చాపిన చేయి. ఆ చాట. మృగశిర నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం లైన్, ఆయాసంతో నా భుజం పట్టుకొని ఆమె. చివరి గడిలో తంగేడు, గునుగు పేరుస్తూ ఎంగిలిపూల బతుకమ్మ. పెత్రమాస పొద్దున పెద్దలకు బియ్యం ఇచ్చే ఇంట్లోనే సాయంత్రం బతుకమ్మ ఆడతాం కాబట్టి ఆ గడి కింద ఉండాలనిపించింది. వరస మీ ఇష్టం, వయసు ప్రకారమే పోవాలని లేదు.

ముందు పెన్సిల్‌తో పల్చగా గీయండి. మనిషి నిలువెత్తు గడిలో నాలుగు అంగుళాలకు తగ్గొద్దు. మిగతావాళ్లు కొంచెం చిన్నగా ఉండొచ్చు, ఎవరి కథో కంటికి తెలుస్తుంది. గది గోడలు, దూరాలు, నీడలు వద్దు.

తర్వాత బొమ్మల చుట్టూ ఎరుపు నింపాలి. వెనకటికి ఇంగిలీకం నూరి వాడేవారు. అందులో పాదరసం ఉంటుంది, ఇంట్లో ముట్టుకోకండి. పోస్టర్ కలర్ చాలు. గీత పక్కన సన్న కుంచె, ఖాళీల్లో వెడల్పు కుంచె. నీళ్లు తక్కువ కలపండి, లేకపోతే సుద్ద కరిగి రంగులోకి వస్తుంది.

ఎరుపు ఆరేదాకా గుడ్డను చుట్టొద్దు, పరిచే ఉంచండి. ముఖాలు, చేతులు తెల్లగానే వదిలేయండి. ఒంటి రంగులు, నల్ల గీత, కళ్లు వచ్చే పాఠంలో పెడదాం.