ముట్లుడిగే ముందు నెలసరి లెక్క ఎలా రాసుకోవాలి?

కావలసినవి: పాల లెక్క రాసే గోడ క్యాలెండరు, ఎర్ర పెన్ను. ఫోన్ యాప్ వద్దు. రెండు నెలలకోసారి ముట్టయ్యే మనిషికి ‘రేపే మీ డేట్’ అని చెప్పే యాప్‌తో పనేముంది? జనవరి వచ్చిందని పాత క్యాలెండరు మాత్రం పారేయకండి.

రక్తం కనిపించిన మొదటి రోజుకి సున్నా చుట్టండి. మిగతా రోజులకి గీతలు. వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు ఉంటే ఆ తేదీ దగ్గరే ఒక్క ముక్క రాయండి. అంతే.

సున్నాకీ సున్నాకీ మధ్య రోజులు లెక్కపెట్టండి. నలభై దాటాక ఒక నెలకీ మరో నెలకీ ఏడు రోజులో అంతకు మించో తేడా తరచూ వస్తుంటే మార్పు మొదలైనట్టే. 60 రోజులు దాటినా రావడం లేదంటే చివరి దశకొచ్చారు. అయితే గర్భం కూడా కావచ్చు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కానివాళ్లు ముందు ఆ టెస్ట్ చేసుకోండి.

అందరూ తప్పేది ఇక్కడే. నాలుగు నెలలు రాకపోతే ‘నాకు ఆగిపోయింది’ అనేస్తారు. వరుసగా 12 నెలలు రాకపోతేనే ఆగినట్టు. పదకొండో నెలలో వచ్చిందా, లెక్క మళ్లీ ఒకటి నుంచి. బద్ధకించి పాత లెక్కకి కలపకండి. ఎందుకంటే 12 నెలలు నిండాక ఒక్క చుక్క కనిపించినా దాన్ని ముట్టు అనుకోకూడదు, డాక్టరుకి చూపించాలి. చాలామందిలో గర్భసంచి లోపలి పొర పలచబడడమే కారణం. కానీ గర్భసంచి క్యాన్సరు మొదట కనబడేదీ ఇలాగే. స్కాన్ తీసి, అవసరమైతే ముక్క తీసి పరీక్షిస్తే తప్ప తేలదు. లెక్క తప్పుగా ఉంటే డాక్టరు కూడా పొరబడతారు.

ఆగకముందైనా సరే, గంటకో ప్యాడ్ తడుస్తున్నా, గడ్డలు పడుతున్నా, ఏడు రోజులు దాటినా, కలయిక తర్వాత రక్తం కనిపించినా వెళ్లాల్సిందే. ‘ఈ వయసులో మామూలేలే’ అనే పక్కింటావిడ మాట వినకండి. ఆవిడ మీ హిమోగ్లోబిన్ చూడలేదు.

క్యాలెండరు చేత్తో పట్టుకునే వెళ్లండి. 45 దాటి, లక్షణాలు స్పష్టంగా ఉంటే హార్మోన్ల రక్తపరీక్ష మామూలుగా అక్కర్లేదు. ఆ అంకెలు వారానికోలా మారతాయి. థైరాయిడ్ చూపించుకోవడం మేలు. నలభై లోపే ఆగితే మాత్రం పరీక్షలు తప్పవు.

గర్భసంచి తీసేద్దామంటే, తెలుగు రాష్ట్రాల్లో ఈ ఆపరేషన్లు మరీ ఎక్కువ, వెంటనే తలూపకండి. మందులతో తగ్గదా, అండాశయాలు ఉంచుతారా అని అడగండి. అండాశయాలు రెండూ తీసేస్తే మెనోపాజ్ ఆ రోజే వచ్చేస్తుంది.