బాష్ పాఠాలు – 6: ఒకే పేరుతో రెండు ఫంక్షన్లు ఉంటే

పోయిన భాగంలో పదేపదే వాడే ఫంక్షన్లను వేరే ఫైల్లో పెట్టి, సోర్స్ కమాండ్‌తో తెచ్చుకోవడం చూశాం. అలాంటి ఫైల్‌నే లైబ్రరీ అంటాం. అది ఒక్కటే ఉన్నంతకాలం ఏ పేచీ ఉండదు. రెండోది వచ్చాకే తంటా.

బ్యాకప్ లైబ్రరీలో లాగ్ అనే ఫంక్షన్ ఉందనుకోండి, సందేశాన్ని ఫైల్లో రాస్తుంది. నెట్‌వర్క్ లైబ్రరీలోనూ లాగ్ ఉంది, కానీ అది స్క్రీన్ మీద చూపిస్తుంది. రెండింటినీ వరుసగా సోర్స్ చేయండి. బాష్ (మన కమాండ్లను నడిపే షెల్) కిమ్మనదు. తర్వాత వచ్చిన లాగ్ ముందున్న దాన్ని తుడిచేసి ఆ చోట కూర్చుంటుంది.

మీరు లాగ్‌ను నేరుగా పిలవకపోయినా దెబ్బ తగులుతుంది. బ్యాకప్ లైబ్రరీలోని మిగతా ఫంక్షన్లు లోపల దాన్నే పిలుస్తాయి కదా! ఆ పేరుతో ఏ ఫంక్షన్ ఉందో బాష్ చూసుకునేది నడిచేటప్పుడే. అందుకే బ్యాకప్ కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండానే దాని సందేశాలు స్క్రీన్ మీదికి పోతాయి, ఫైల్ ఖాళీగా మిగులుతుంది. వెతికేవాళ్లు తప్పు లేని చోట తలబాదుకుంటారు.

దొంగను పట్టాలంటే ముందు షాప్ట్ కమాండ్‌తో ఎక్స్‌ట్‌డీబగ్ అనే సెట్టింగ్ ఆన్ చేసి, డిక్లేర్ కమాండ్‌కు పెద్ద ఎఫ్ ఆప్షన్, ఫంక్షన్ పేరు ఇవ్వండి. అది ఏ ఫైల్లో, ఎన్నో లైన్లో ఉందో చెప్పేస్తుంది. పని అయ్యాక ఆఫ్ చేయడం మరవకండి.

లైబ్రరీ మీదే అయితే ప్రతి పేరుకూ ముందు ఇంటిపేరు తగిలించండి: బ్యాకప్, అండర్‌స్కోర్, లాగ్. కొందరు రెండు కోలన్లు పెడతారు. బాష్ ఒప్పుకుంటుంది, డ్యాష్ అనే మరో షెల్ ఒప్పుకోదు. అండర్‌స్కోరే మేలు. గ్లోబల్ వేరియబుల్స్‌కూ ఇదే పద్ధతి.

ఇతరుల లైబ్రరీ అయితే గుండ్రటి బ్రాకెట్లతో సబ్‌షెల్ (విడిగా నడిచే మరో షెల్) తెరిచి, అందులోనే సోర్స్ చేసి పని చేయించుకోండి. దాని ఫంక్షన్లు బయటికి రావు. వేరియబుల్స్ కూడా రావు కాబట్టి, ఫలితాన్ని ఎకోతో ప్రింట్ చేయించి పట్టుకోవాలి.

రీడ్‌ఓన్లీ కమాండ్‌కు చిన్న ఎఫ్ ఆప్షన్ ఇచ్చి మొదటి లాగ్‌కు తాళం వేయొచ్చు. రెండోది రాబోతే ఎర్రర్ వస్తుంది. నాకైతే ఇది అలారంగానే పనికొస్తుంది, ఎందుకంటే ఇప్పుడు నెట్‌వర్క్ లైబ్రరీ బ్యాకప్ వాళ్ల లాగ్‌ను పిలుస్తుంది!

అభ్యాసం: ఇలాంటి రెండు ఫైళ్లు రాసి, సోర్స్ వరుస తిరగేయండి. నడపకముందే ఏ సందేశం ఎక్కడికి వెళ్తుందో కాగితం మీద రాసుకోండి. వచ్చే భాగంలో ఒకే లైబ్రరీ రెండుసార్లు సోర్స్ కాకుండా అడ్డుకోవడం చూద్దాం.