జీడిపిక్కలు అమ్మే ముందు ఏం చేయాలి?

మార్చి నుంచి మే దాకా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిపిక్కల సీజన్. పలాస, వజ్రపుకొత్తూరు, మందస వైపు బేరమంతా 80 కిలోల బస్తా లెక్కనే. ధర మన చేతిలో లేదు, ఆఫ్రికా పిక్కలు దిగుమతైతే అది ఇంకా కదులుతుంది. తరుగు, అంటే తేమ, పుచ్చుల పేరుతో వ్యాపారి తూకంలో కోసేది, ఎంత పోతుందన్నది మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది.

సీజన్‌కి ముందే చెట్ల కింద తుప్పలు కొట్టి, ఆకులు ఊడ్చేయండి. పండు దానంతటది రాలాకే ఏరాలి. కర్రతో దులిపితే ముదరని పిక్కలూ వచ్చిపడతాయి. వాన పడితే ఆ రోజే ఏరేయండి. పండు నుంచి పిక్కను మెలితిప్పి తీసి, అంటుకున్న గుజ్జు గీకేయాలి. లేకపోతే బూజు పట్టుకుంటుంది.

తర్వాత సిమెంటు కళ్లం మీదో టార్పాలిన్ మీదో పలచగా పరిచి, తిరగేస్తూ రెండు మూడు రోజులు ఎండబెట్టండి. సాయంత్రం కుప్ప చేసి కప్పేయాలి. గోరుతో నొక్కితే నొక్కు పడకూడదు, చెవి దగ్గర ఆడిస్తే లోపల పప్పు కదిలిన చప్పుడు రావాలి. పచ్చిగా ఉంటే తూకం ఎక్కువొస్తుందని కొందరు తొందరపడతారు. వ్యాపారికి అది తెలియదా? ఆ తేమకి తగ్గట్టు తరుగు తీసేస్తాడు.

ఎండలోంచి తీసిన వేడి పిక్కల్ని వెంటనే గోనె సంచుల్లోకి ఎత్తొద్దు, చెమ్మ పడుతుంది. చల్లారనివ్వండి. బస్తాలు నేలకి తగలకుండా చెక్కల మీద పేర్చండి.

ఇప్పుడు చాలామంది వదిలేసే పని. వేర్వేరు బస్తాల నుంచి గుప్పెడేసి తీసి, బాగా కలిపి, కిలో తూచండి. అడకత్తెర లాంటిదానితో ఒక్కో పిక్కా కోయాలి. పెంకులోంచి కారే జీడిరసం చర్మాన్ని కాల్చేస్తుంది, కాబట్టి చేతులకి నూనె రాసుకోవాలి, గ్లౌజులుంటే మరీ మంచిది. పుచ్చినవి, నల్లబడ్డవి, ముడుచుకుపోయినవి పక్కనపెట్టి మంచి పప్పు తూచండి. 250 గ్రాములొస్తే బస్తాకి 20 కిలోల పప్పన్నమాట. వ్యాపారి కూడా కోసే చూస్తాడు. మీ లెక్క మీ దగ్గరుంటే, "పప్పు తక్కువుంది" అన్నప్పుడు గట్టిగా అడగొచ్చు.

కాటా ఎక్కించక ముందే తరుగు ఎంత, ఖాళీ సంచి బరువు ఎంత పట్టుకుంటారో తేల్చుకోండి. వానకి తడిసిన పిక్కల్ని మంచి బస్తాల్లో కలపకుండా విడిగా అమ్మండి. అవి తక్కువకి పోయినా, మిగతావాటి రేటు చెడదు.