డెల్టాలో దేశవాళీ చెట్ల తోట: గింజ ఏరడం నుంచి గట్టున నాటేదాకా

ఊరుమ్మడి స్థలంలో దేశవాళీ చెట్లు పెంచాలనుకోగానే కోనసీమలో ఎవరైనా ముందు కడియం నర్సరీల వైపు చూస్తారు. పూలమొక్కలకైతే అదే దారి. జాతుల్ని కాపాడే సంరక్షణ తోటకు మాత్రం మొక్క ఏ ఊరి ఏ చెట్టు గింజో తెలియాలి. అది తెలియని కానుగ నీడ ఇస్తుందే గానీ, రేపు ఇంకో తోటకు విత్తనంగా పనికిరాదు. అందుకే గింజలు మీరే ఏరుకోండి.

ఒక్కో జాతికి దూరదూరంగా ఉన్న పదిహేను చెట్లయినా చూసుకోండి. గుడి దగ్గరి పెద్ద చెట్టు కిందే బస్తా నింపేస్తే తోటంతా ఒకతల్లి పిల్లలే అవుతాయి. ఏ చెట్టువి ఆ సంచిలోనే వేసి, జాతి, ఊరు, తేదీ, చెట్టు నంబరు రాసిన చీటీ లోపల పెట్టండి. పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను రాత తడికి పోతుంది. కోరంగి అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా మడచెట్టు కాయ ఒక్కటి కూడా తియ్యకూడదు.

వేప, నేరేడు దాచుకునే గింజలు కావు. గుజ్జు కడిగి, నీడన ఆరనిచ్చి వారంలోపే వెయ్యాలి. ఎండలో ఆరబెట్టిన నేరేడు గింజ పైకి నిక్షేపంలా ఉంటుంది, లోపల చచ్చిపోతుంది. కానుగ నెలల తరబడి ఆగుతుంది. రేల గింజ పైపొర నీళ్లు పీల్చదు. ఒకపక్క గరుకు కాగితంతో రుద్ది రాత్రంతా నానబెట్టాలి. పొన్న గింజ పెంకుతో వేస్తే మొలకకు సుమారు రెండు నెలలు, పెంకు తీసి వేస్తే మూడు వారాలు. రాయితో మెల్లగా కొట్టండి, పప్పుకు గాటు పడితే కుళ్లుతుంది.

మొక్కలు పెంచే సంచుల్లో మన నల్లమట్టి ఒక్కటే నింపకండి: తడిస్తే ముద్ద, ఆరితే బీట. ఎర్రమట్టి, ఏటి ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలపండి. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది, వద్దు. 6×9 అంగుళాల సంచులు చాలు. నెలకోసారి సంచుల్ని జరపకపోతే వేళ్లు నేలలోకి దిగిపోయి, ఎత్తినప్పుడు తెగుతాయి.

అసలు చిక్కు నీళ్లతో. వేప, నేరేడు పళ్లు రాలే వేసవి చివరలోనే కాలవలు కట్టేస్తారు. తీరపు ఊళ్లలో బోరునీళ్లు ఉప్పన. ఆకు అంచులు మాడితే తెగులు మందు కొట్టేముందు నీళ్లు నోట్లో వేసుకుని చూడండి. 500 సంచులకు రోజుకు 200 మిల్లీలీటర్ల చొప్పున 45 రోజులకు 4,500 లీటర్లు కావాలి. కాలవ ఆగకముందే 5,000 లీటర్ల తొట్టి నింపి, మూత వెయ్యండి.

వానలు పడ్డాక నాటండి. బంకమట్టిలో తవ్విన గొయ్యి కుండలా నీళ్లు పట్టేస్తుంది, వేపకు వేరుకుళ్లు ఖాయం. వేపను అడుగున్నర ఎత్తు దిబ్బ మీద నాటండి. పల్లం కానుగకూ ఉలిమిరికీ వదిలెయ్యండి, అవి నీళ్లకు ఓర్చుకుంటాయి.

నంబరు కొట్టిన అల్యూమినియం రేకును కాండానికి తీగతో బిగించకండి, లావెక్కేకొద్దీ తీగ కోసేస్తుంది. పక్కన పాతిన కర్రకు కట్టండి. గాలివానకు కర్ర పోవచ్చు కాబట్టి ఏ నంబరు ఏ వరసలో ఎన్నోదో రిజిస్టర్‌లోనూ రాసి, దాని నకలు ఇంకొకరింట్లో ఉంచండి.