చిన్న క్యాబినెట్‌లో పెద్ద కూలర్: ఎక్కడ తేడా కొడుతోంది, ఎలా సరిచేసుకోవాలి

పద్దెనిమిది లీటర్ల కంప్యూటర్ క్యాబినెట్‌లో ప్రాసెసర్‌ను చల్లబరిచే 155 మి.మీ. ఎత్తున్న టవర్ కూలర్ పెట్టాలనుకోవడం విశాఖలో పిచ్చి పనేమీ కాదు. ఏప్రిల్ దాటితే ఏసీ లేని గదిలో గాలే 33, 34 డిగ్రీలుంటుంది. ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చే బుల్లి ఫ్యాన్ ఆ వేడికి రోజంతా అరుస్తూనే ఉంటుంది. పెద్ద కూలర్ పెడితే ఆ అరుపు తగ్గుతుంది. కాకపోతే బిగించిన రోజునే కొన్ని తేడాలు బయటపడతాయి. వాటిలో సగానికి పైగా వేడి గొడవలు కావు, చోటు గొడవలు.

ఏదైనా విప్పే ముందు ఒక పరీక్ష చేయండి. ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టే సినీబెంచ్ లాంటి సాఫ్ట్‌వేర్ పది నిమిషాలు నడిపి, డిగ్రీలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ప్రాసెసర్ ఎంత వేడెక్కిందో రాసుకోండి. తర్వాత సైడ్ ప్యానెల్ తీసేసి మళ్ళీ అదే నడపండి. ప్యానెల్ తీయగానే ఎనిమిది, పది డిగ్రీలు పడిపోతే లోపల గాలి ఆడట్లేదు. ఒకటి రెండు డిగ్రీలే తేడా ఉంటే గాలిది తప్పు కాదు: కూలర్ సరిగా ఆనలేదు, లేదంటే ప్రాసెసర్ మరీ ఎక్కువ కరెంటు తాగుతోంది. ఈ రెండు దారుల్లో ఏదో తేలకుండా ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ మార్చడం, ఫ్యాన్లు కొనడం డబ్బు దండగ.

ఇంకో మాట. రివ్యూల్లో కనిపించే అంకెలు ఇరవై, ఇరవై రెండు డిగ్రీల గదిలో కొలిచినవి. మన గది 34 ఉంటే, అదే కూలర్ అదే పనికి పన్నెండు డిగ్రీలు ఎక్కువ చూపించడం మామూలే. రివ్యూలో 70 అన్నది మన దగ్గర 82 అయితే కూలర్ పాడైనట్టు కాదు. ముందు గది వేడిని తీసేసి లెక్క చూసుకోండి.

సైడ్ ప్యానెల్ మూతపడట్లేదు

కూలర్ ఎత్తు క్యాబినెట్ ఒప్పుకునే ఎత్తులోపే ఉన్నా ఇది జరుగుతుంది. ఉదాహరణకు కూలర్ మాస్టర్ కంపెనీ ఎన్‌ఆర్200 క్యాబినెట్ రేకు ప్యానెల్‌తో 155 మి.మీ. దాకా తీసుకుంటుంది. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ కూలర్ ఎత్తు 155. కాగితం మీద సరిపోయింది. కానీ లైట్లున్న ర్యామ్ ఎత్తు 44 మి.మీ. ఉండి, ముందు ఫ్యాన్ కింద 34 మి.మీ. ఖాళీయే ఉందనుకోండి, ఫ్యాన్ పది మి.మీ. పైకి జరుగుతుంది. అప్పుడు మొత్తం ఎత్తు 165. ప్యానెల్ ఎలా పడుతుంది?

దీనికి మందు లైట్లు లేని పొట్టి ర్యామ్. 31 నుంచి 34 మి.మీ. ఎత్తులో దొరుకుతుంది, ధర కూడా తక్కువ. ఇప్పటికే పొడుగు ర్యామ్ కొనేసి ఉంటే ముందు ఫ్యాన్ తీసేయండి. రెండు టవర్లున్న కూలరైతే మధ్య ఫ్యాన్ ఒక్కటే ఉంచండి. వేడి కొద్దిగా పెరుగుతుంది, భరించలేనంత కాదు. ఆ ఫ్యాన్‌ను కూలర్ వెనక వైపుకి మార్చే దారి కూడా ఉంది, అక్కడ 25 మి.మీ. ఖాళీ ఉంటేనే. లేకపోతే 15 మి.మీ. మందం ఉన్న పల్చటి ఫ్యాన్ పడుతుందేమో చూడండి.

ప్యానెల్‌ను చేత్తో అదిమి స్క్రూలు బిగించేసేవాళ్ళూ ఉన్నారు. ఆ ఒత్తిడంతా కూలర్ మీదుగా మదర్‌బోర్డుకు పోతుంది. అద్దం ప్యానెలైతే ఇక చెప్పక్కర్లేదు.

నోక్టువా ఎన్‌హెచ్-డీ15 కూలర్ ఫ్యాన్లతో కలిపి 165 మి.మీ. ఎత్తు, 1.3 కిలోల పైగా బరువు. దాన్ని ఇలాంటి క్యాబినెట్‌లో ఎలాగోలా పట్టిస్తామని డాబాగార్డెన్స్ షాపుల్లో ఎవరు భరోసా ఇచ్చినా, టేపు తీసి కొలిచి చూపించమనండి.

ఆన్ చేసిన నిమిషంలోనే 90 దాటుతోంది, ప్యానెల్ తీసినా తగ్గట్లేదు

మొదట చూడాల్సింది కూలర్ అడుగున అంటించి వచ్చే ప్లాస్టిక్ పొర. నవ్వకండి, షాపులో అసెంబుల్ చేయించిన వాటిలో కూడా అది అలాగే ఉండిపోతుంది.

పొర లేకపోతే బిగింపు చూడండి. ఇంటెల్ ప్రాసెసర్లు కూర్చునే ఎల్‌జీఏ1700 సాకెట్ 2021లో వచ్చింది. దాని నాలుగు రంధ్రాల మధ్య దూరం 78 మి.మీ. అంతకు ముందరి 1200, 115ఎక్స్ సాకెట్లకు 75. పైగా కొత్త సాకెట్‌లో ప్రాసెసర్ కాస్త కిందకు ఉంటుంది. పాత స్టాకు కూలర్‌ను పాత బ్రాకెట్‌తోనే ఎలాగో లాగి బిగిస్తే అది బిగిసినట్టే కనిపిస్తుంది, కానీ ప్రాసెసర్‌ను గట్టిగా నొక్కదు. కూలర్ కంపెనీ పేరు చెప్పి 1700 బిగింపు కిట్ అడగండి. చాలా కంపెనీలు విడిగా అమ్ముతాయి.

ఏఎండీ ఏఎమ్5 సాకెట్‌లో తిరకాసు వేరు. బోర్డు వెనక కూలర్ స్క్రూలను పట్టుకునే బ్యాక్‌ప్లేట్ సాకెట్‌లో భాగం, దాన్ని ఊడదీయకూడదు. అంతకు ముందరి ఏఎమ్4 సాకెట్ కోసం సొంత బ్యాక్‌ప్లేట్‌తో వచ్చిన పాత కూలర్లు అందుకే దీనికి పట్టవు. బోర్డుతో వచ్చిన బ్యాక్‌ప్లేట్‌నే వాడుకునే కూలర్లు ఏ ఇబ్బందీ లేకుండా కూర్చుంటాయి.

బిగించేటప్పుడు ఒక స్క్రూను పూర్తిగా తిప్పేసి ఇంకోదానికి వెళ్ళొద్దు. ఎదురెదురు మూలలు మార్చుకుంటూ రెండేసి చుట్లు చొప్పున తిప్పుతూ పోండి. విప్పి చూస్తే పేస్ట్ ఒక పక్క పల్చగా, మరో పక్క మందంగా కనిపిస్తోందంటే కూలర్ వంకరగా కూర్చున్నట్టే. ఏఎమ్4 వాళ్ళకు ఒక జాగ్రత్త: కూలర్‌ను నిట్టనిలువుగా లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొచ్చి కాళ్ళు వంగుతాయి. కాసేపు నడిపి, పేస్ట్ మెత్తబడ్డాక ఆఫ్ చేసి, కూలర్‌ను అటూ ఇటూ మెలితిప్పి అప్పుడు లేపండి.

బిగింపు బాగానే ఉన్నా 95 దగ్గరే నిలబడుతోందా? అది ఏఎండీ రైజెన్ 7700ఎక్స్, 7950ఎక్స్ లాంటి ప్రాసెసరైతే టెన్షన్ పడక్కర్లేదు. అవి 95 డిగ్రీల దాకా వెళ్ళి, ఆ హద్దులో ఎంత వేగం వస్తే అంత తీసుకునేలా తయారైనవి. కూలర్ పెద్దదైతే వేడి తగ్గదు, వేగం పెరుగుతుంది. కాబట్టి డిగ్రీలు కాదు, గిగాహెర్ట్జ్ చూడండి. చిన్న క్యాబినెట్‌లో ఆ చివరి కాస్త వేగం కోసం అంత వేడి భరించడం నాకైతే అనవసరం అనిపిస్తుంది. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) కరెంటు తగ్గించే ఎకో మోడ్ 65 వాట్లకు పెడితే ప్రాసెసర్ అసలు వాడకం 88 వాట్ల దగ్గర ఆగుతుంది. 170 వాట్లని రాసి ఉన్న ప్రాసెసర్ మామూలుగా 230 దాకా తాగుతుంది. ఇంటెల్ ఐ7-13700కే కూడా తక్కువేం కాదు, దాని గరిష్ఠ హద్దు 253 వాట్లు. కొన్ని బోర్డులు ఆ హద్దునూ ఎత్తేసి పంపుతాయి. బయోస్‌లో కరెంటు హద్దులైన పీఎల్1, పీఎల్2 రెండూ 125 వాట్లకు దించండి. మామూలు పనుల్లో తేడా కనిపించదు, గదిలో మాత్రం తెలుస్తుంది.

ప్యానెల్ మూస్తేనే వేడి

అసలు గొడవంతా ఇక్కడే. పెద్ద కూలర్ వేడిని ప్రాసెసర్ దగ్గర్నుంచి లాగి గాలిలో వదులుతుంది, అంతే. ఆ గాలి బయటికి పోకపోతే అదే గాలి మళ్ళీ ముందు ఫ్యాన్‌లోకి వస్తుంది. మూత పెట్టిన ఇడ్లీ పాత్రకు, దీనికి పెద్ద తేడా ఉండదు.

ముందు ఫ్యాన్ల దిక్కు చూడండి. ఫ్యాన్‌కు ఏ వైపు ప్లాస్టిక్ కడ్డీలు, స్టిక్కర్ ఉన్నాయో ఆ వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. కూలర్ మీది రెండు ఫ్యాన్లూ ఒకే దిక్కుకు ఊదాలి. ఒకటి తిరగబడితే రెండూ కొట్లాడుకుంటాయి. ఓ అగరుబత్తి వెలిగించి దగ్గర పెడితే పొగే చెప్పేస్తుంది. బూడిద లోపల పడకుండా చూసుకోండి.

గేమ్ ఆడేటప్పుడు మాత్రమే ప్రాసెసర్ వేడెక్కుతోందంటే నేరం గ్రాఫిక్స్ కార్డుది. 200 వాట్లు, ఆపైన వాడే కార్డు తన వేడినంతా క్యాబినెట్ లోపలే వదులుతుంది. అది పైకి లేచి కూలర్ నోట్లోకి వెళ్తుంది. ప్రాసెసర్ మీద లోడ్ లేకపోయినా డిగ్రీలు పెరుగుతాయి. కింద ఖాళీ ఉంటే రెండు 120 మి.మీ. ఫ్యాన్లు గాలి లోపలికి లాగేలా, పైన రెండు బయటికి తోసేలా పెట్టండి. ఎన్‌ఆర్200లో ఈ రెండు చోట్లా వీలుంది. కింది నుంచి గాలి లాగాలంటే క్యాబినెట్ కాళ్ళ కింద కాస్త ఎత్తుండాలి. తివాచీ మీద, టేబుల్‌క్లాత్ మీద పెడితే ఫ్యాన్లు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. గోడకు ఆనించి చెక్క అరలో దూర్చడం కూడా అంతే.

టవర్ కాకుండా పై నుంచి కిందకు ఊదే కూలరైతే, ఫ్యాన్‌కూ ప్యానెల్ జల్లెడకూ మధ్య దూరమే కీలకం. రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉంటే ఫ్యాన్ బయటి చల్లగాలి వదిలేసి పక్కనున్న వేడిగాలినే లాక్కుంటుంది. ఆ ఖాళీని నాలుగు వైపులా స్పాంజి పట్టీతో మూయండి. తలుపు సందులకు అంటించే పట్టీ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. నా లెక్కలో ఈ మొత్తం వ్యవహారంలో ఇంతకు మించిన చిట్కా లేదు.

స్క్రీన్ రావట్లేదు, లేదా ఒక ర్యామే కనిపిస్తోంది

డీడీఆర్5 ర్యామ్‌తో ఏఎమ్5 బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను పరీక్షించుకుంటూ కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉంచుతుంది. ఓపిక పట్టకుండా స్విచ్ నొక్కేసి, కూలర్ పీకేసి మళ్ళీ బిగించేవాళ్ళు చాలామంది. పదిహేను నిమిషాలు వదిలేసి టీ తాగి రండి.

రెండు ర్యాములు పెడితే ఒకటే కనిపిస్తే, కూలర్ స్క్రూలు ఒక పక్క మరీ బిగిసి ఉండవచ్చు. ప్రాసెసర్ వంకరగా నొక్కుకుపోయి కొన్ని పిన్నులు ఆనవు. నాలుగూ కొద్దిగా వదులు చేసి సమానంగా బిగించి చూడండి. అప్పటికీ కాకపోతే కూలర్ తీసి సాకెట్‌లో పిన్నులు వంగాయేమో టార్చి వేసి చూడాలి.

"సీపీయూ ఫ్యాన్ ఎర్రర్" అని వస్తే మరీ చిన్న విషయం. ఫ్యాన్ వైరును సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న పిన్నులకు కాకుండా పక్కదానికి పెట్టారు. మార్చండి. పెద్ద కూలర్ బిగించాక ఆ మూలకు వేలు కూడా దూరదు కాబట్టి, ఈ వైరూ ప్రాసెసర్‌కు వెళ్ళే ఎనిమిది పిన్నుల కరెంటు వైరూ కూలర్ పెట్టక ముందే గుచ్చేసుకోవడం మేలు. ఎం.2 ఎస్ఎస్‌డీ కూడా ముందే.

కూలర్ గ్రాఫిక్స్ కార్డుకు తగులుతోంది

ఇలాంటి చిన్న క్యాబినెట్లలో పెట్టే మినీ ఐటీఎక్స్ బోర్డు 170 మి.మీ. చదరం. అందులో సాకెట్‌కూ కార్డు స్లాటుకూ దూరం ఎంతుంటుంది! ఫ్యాన్‌ను పట్టుకునే తీగ క్లిప్పు కార్డు వెనక భాగానికి ఆనితే శబ్దమే కాదు, కార్డు వెనక రేకు కవచం లేకపోతే షార్టయ్యే ప్రమాదం కూడా ఉంది. ఆనుతుంటే ఆన్ చేయకండి. క్లిప్పు బయటికి తన్నకుండా ఫ్యాన్ దిక్కు మార్చి చూడండి. కొత్తగా కొనేవాళ్ళు ఎన్‌హెచ్-డీ15ఎస్ లాగా ఒక పక్కకు జరిపి తయారుచేసిన కూలర్ తీసుకుంటే ఈ బాధ ఉండదు, ఎత్తు పట్టాలి మరి.

ఊరికే ఊళ పెట్టి ఆగుతోంది

బ్రౌజర్ తెరిస్తే చాలు ఫ్యాన్ గుయ్యిమని లేచి, మళ్ళీ తగ్గుతుంది. ప్రాసెసర్ వేడి సెకనులో పది డిగ్రీలు ఎగిరి పడుతుంటుంది, ఎంత పెద్ద కూలరైనా ఆ ఎగరడాన్ని ఆపలేదు. బయోస్‌లో 60, 65 డిగ్రీల దాకా ఫ్యాన్ వేగం ఒకేలా ఉంచి, వేగం మారడానికి కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టండి. టకటకమంటే మాత్రం వైరు రెక్కకు తగులుతోంది, టై వేసి కట్టేయండి.

కొన్ని నెలలకే వేడి పెరిగింది

పోర్టు చుట్టుపక్కల, జ్ఞానాపురం వైపు ఉన్న ఇళ్ళలో కిటికీ ఊచల మీద చేరే నల్ల దుమ్ము తెలిసిందే. అది కూలర్ రేకుల మధ్య కాదు, ఫ్యాన్ వెనక రేకుల అంచున పొరలా పేరుకుంటుంది. ఫ్యాన్ తీస్తే గానీ కనబడదు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. గిర్రున తిరగనిస్తే బేరింగ్ పోతుంది.

పెదవాల్తేరు, లాసన్స్ బే, సాగర్‌నగర్, రుషికొండ వైపు దుమ్ము కంటే ఉప్పు గాలి బాధ ఎక్కువ. ఏసీ బయటి యూనిట్‌కు ఏం జరుగుతుందో చూస్తూనే ఉంటారు కదా, అదే మెల్లగా ఇక్కడా జరుగుతుంది: స్క్రూలు తుప్పు పడతాయి, పూత లేని అల్యూమినియం రేకుల మీద తెల్లటి పొడి వస్తుంది. నికెల్ పూత ఉన్న కూలర్ తీసుకోండి, క్యాబినెట్‌ను సముద్రం వైపు కిటికీకి దూరంగా పెట్టండి. పొడి బ్రష్‌తో దులపండి, తడిగుడ్డ వద్దు. వాడకం లేకపోయినా అప్పుడప్పుడు కాసేపు నడిపితే లోపలి తేమ ఆరుతుంది. రాత్రంతా ఏసీలో చల్లబడిన కంప్యూటర్ ఉన్న గదిలో పొద్దున్నే కిటికీలు బార్లా తెరిస్తే, లోపలి ఇనుము మీద చెమ్మ పట్టొచ్చు. ఆ వెంటనే ఆన్ చేయకుండా గది వేడికి రానివ్వండి.

ఊరి నుంచి తెచ్చాక తేడా

విజయనగరమో శ్రీకాకుళమో తీసుకెళ్ళి తెచ్చాక డిగ్రీలు పెరిగాయంటే, దారి కుదుపులకు కూలర్ కదిలింది. కిలో బరువు నిలువు బోర్డుకు వేలాడుతుంటుంది కదా. పేస్ట్ మార్చి మళ్ళీ బిగించండి. ఈసారి తీసుకెళ్ళేటప్పుడు బోర్డు అడుగున, కూలర్ పైకి చూసేలా క్యాబినెట్‌ను పడుకోబెట్టి, బస్సు డిక్కీలో కాకుండా సీట్లో పక్కనే పెట్టుకోండి. పార్సిల్‌లో పంపాల్సొస్తే కూలర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఊడదీసి విడిగా ప్యాక్ చేయండి.