గినీ పిగ్‌కి జత తెస్తున్నారా? తెచ్చిన రోజే కలపకండి

ఈ సెలవుల మొదట్లో చెన్నైలో అడయారు వైపు ఒక ఇంట్లో, ఉన్న గినీ పిగ్‌కి తోడుగా ఇంకొకదాన్ని తెచ్చారు. ఆదివారం పొద్దున కొన్నారు, సాయంత్రానికి పాతదాని పంజరంలోనే వదిలేశారు. బుధవారం కొత్తది తుమ్మడం మొదలుపెట్టింది. శుక్రవారానికి పాతది గడ్డి ముట్టలేదు. పిల్లాడి గొంతునొప్పికి తెచ్చిన అమాక్సిసిలిన్ సిరప్ మిగిలి ఉంటే రెండింటికీ చెరి నాలుగు చుక్కలు పోశారు. తర్వాతి మంగళవారానికి పంజరం ఖాళీ.

ఇందులో తప్పులు రెండు. మందు సంగతి తర్వాత. ముందు మొదటిది, ఎందుకంటే జత తెచ్చుకున్న ఇళ్ళలో ఎక్కువగా కొంప ముంచుతున్నది అదే. గినీ పిగ్ గుంపులో బతికే ప్రాణి అనీ, స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి ఒక్కదాన్నే పెంచడాన్ని చట్టం ఒప్పుకోదనీ చదివాకే మీరు జత వెతుకుతున్నారు కాబట్టి ఆ పాఠం ఇక్కడ అక్కర్లేదు. తెచ్చిన రోజే కలపకండి, అంతే. అంటురోగం, అనుకోని కాన్పు, చెవులు చిరిగే కొట్లాట, మూడూ ఆ ఒక్క తొందరలోంచే వస్తాయి.

ఇరవై ఒక్క రోజులు

కొత్తదాన్ని కనీసం 21 రోజులు వేరే గదిలో ఉంచాలి. వేరే పంజరం కాదు, వేరే గది. హాల్లో ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి పెట్టి "వేరుగానే ఉంచాంగా" అంటే కుదరదు. బోర్డెటెల్లా, స్ట్రెప్టోకాకస్ లాంటి బ్యాక్టీరియా తుమ్ము తుంపర్లతో గాల్లోనే చేరతాయి. ఒకదాని ముక్కులో ఏ లక్షణమూ లేకుండా ఉండి, పక్కదానికి రోజుల్లో న్యుమోనియా తెప్పిస్తాయి. కొట్లలో కుందేళ్ళూ గినీ పిగ్‌లూ ఒకే గూట్లో, పక్కనే కుక్కపిల్లలూ ఉంటాయి చూడండి, బోర్డెటెల్లా చాలా కుందేళ్ళలో చడీచప్పుడు లేకుండా ఉంటుంది, గినీ పిగ్‌ని మాత్రం చంపగలదు. కొళత్తూరు పెంపుడు జంతువుల కొట్లలో కొన్నా, అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తున్నవాళ్ళు ఊరికే ఇచ్చినా లెక్క ఒకటే.

ఇల్లు చిన్నది, ఎక్కడ పెట్టేది అంటారా? తలుపు మూసుకునే పడకగది చాలు. అదీ కుదరకపోతే గినీ పిగ్, కుందేలు, కుక్క లేని తెలిసినవాళ్ళింట్లో మూడు వారాలు ఉంచండి. అదీ లేదంటే ఈ సెలవులకి జత తేకండి.

పనులన్నీ ముందు పాతదానికి, తర్వాత కొత్తదానికి. కొత్తదాన్ని ఎత్తుకున్నాక సబ్బుతో చేతులు కడిగి, చొక్కా మార్చుకుని గానీ పాతదాన్ని ముట్టుకోవద్దు. గిన్నె, నీళ్ళ సీసా, చీపురు, తుండుగుడ్డ దేనికదే. కొత్తది వదిలేసిన గడ్డి పారేయడం ఎందుకని పాతదానికి వేస్తారు కొందరు. 21 రోజుల కష్టమూ ఆ గుప్పెడు గడ్డితో పోతుంది.

ఈ మూడు వారాలూ ఊరికే రోజులు లెక్కపెట్టడానికి కాదు. రోజూ ఒకే వేళకి వంటింటి డిజిటల్ త్రాసు మీద గిన్నెలో కూర్చోబెట్టి తూచి రాసుకోండి. పిల్ల అయితే వారం వారం బరువు పెరగాలి. పెద్దది 700 నుంచి 1200 గ్రాముల దాకా ఉంటుంది. మొదటి రెండు రోజులు బెదురుతో కాస్త తగ్గొచ్చు. ఆ తర్వాత కూడా 50 గ్రాములు తగ్గితే డాక్టరుకి చూపించాలి. పక్కటెముకల దగ్గర చెవి పెట్టి వినండి, ఊపిరిలో టిక్కు టిక్కుమనే చప్పుడు ఉండకూడదు. చెవుల వెనక, వీపు చివర బొచ్చు పాయలు తీసి చూడండి. పేలైతే కదులుతూ కనిపిస్తాయి. గజ్జి పురుగు కంటికి ఆనదు. చర్మం పొట్టు రాలడం, తొడల దగ్గర బొచ్చు ఊడటం, తాకితే కీచుమనడం దాని గుర్తులు. ముదిరితే దురద తట్టుకోలేక మూర్ఛ వచ్చినట్టు కొట్టుకుంటుంది. ముక్కు మీద, కళ్ళ చుట్టూ గుండ్రంగా బొచ్చు ఊడి పొలుసులు లేస్తుంటే తామర. అది ఎత్తుకున్న పిల్లలకి కూడా అంటుకుంటుంది.

వీటిలో ఏది కనిపించినా నయమైన రోజు నుంచి లెక్క మళ్ళీ ఒకటితో మొదలు.

ఆడదా, మగదా

కొట్టువాడు "రెండూ ఆడవే సార్" అంటాడు. కావాలని అబద్ధమాడడు, అతనికీ తెలీదు. అందుకే మీరే చూడాలి. ఒళ్ళో మెల్లగా వెల్లకిలా పట్టుకుని, పొత్తికడుపు కింద వేలితో సుతారంగా చర్మం విడదీస్తే ఆడదానికి ఇంగ్లిషు వై అక్షరంలా చీలిక కనిపిస్తుంది. మగదానికి చిన్న బుడిపె, దాని కింద గీత, చుక్క పెట్టిన చిన్న ఐ లాగా. బుడిపెకి కాస్త పైన మెత్తగా నొక్కితే అంగం బయటికొస్తుంది. అనుమానం ఉంటే డాక్టరుతో చూపించండి. ఇంట్లో ఉన్న పాతదాన్ని కూడా చూపించండి, రెండేళ్ళుగా "లక్ష్మి" అని పిలుచుకున్నది మగదని తేలిన ఇళ్ళున్నాయి.

ఇంత పట్టుదల ఎందుకంటే, మగపిల్లకి మూడు వారాలకే వయసొస్తుంది. ఆడపిల్ల నాలుగు వారాలకే కట్టగలదు. ఆరేడు నెలలు దాటిన ఆడది అంతకుముందు ఈనకపోతే, కటి ఎముకల మధ్య కీలు బిగిసిపోయి ఉంటుంది. తొలికాన్పులో పిల్ల బయటికి రాదు, సమయానికి సిజేరియన్ చేసేవాళ్ళు దొరక్కపోతే తల్లీ పిల్లలూ పోతారు. ఏడాది వయసున్న మీ ఆడదాని పక్కన "ఆడదే" అని తెచ్చిన మగదాన్ని ఆ రోజే వదిలితే జరిగేది ఇదే. ఒక్క రాత్రి చాలు.

కొట్లో అన్నీ కలిసే ఉంటాయి కాబట్టి తెచ్చిన ఆడది అప్పటికే చూడిదై ఉండొచ్చు. మోసేది 59 నుంచి 72 రోజులు, కాబట్టి 21 రోజుల్లో పొట్ట తెలియకపోవచ్చు. మూడో వారం చివర డాక్టరుతో పొట్ట తడిమించి, పదకొండు వారాల దాకా తూచడం ఆపకండి. ఈనిన కొన్ని గంటల్లోనే మళ్ళీ కడుతుంది, మగదాన్ని కాన్పుకి ముందే తీసేయాలి.

అన్నిటికంటే కుదిరే జత ఆపరేషన్ చేయించిన మగదీ ఆడదీ. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు ఆగాలి, అప్పటిదాకా పిల్లలు పుట్టించగలదు. రెండు ఆడవి ఫరవాలేదు. పెద్ద మగదానికి మగపిల్ల కూడా కుదురుతుంది, ఆ గదిలో ఆడదాని వాసన లేకపోతే. మూడు మగవి కుదరవు. కుందేలు జత కానే కాదు, ఒక్క తన్నుతో నడుము విరుస్తుంది.

ఎండ

గినీ పిగ్‌కి హాయి 18 నుంచి 24 డిగ్రీలు. 27 దాటితే ప్రమాదం మొదలు. చెన్నైలో కత్తిరి ఎండలు మే మొదటి వారంలో మొదలై నెలాఖరు దాకా ఉంటాయి. మన రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయంటారు, ఇక్కడ రోళ్ళు చెమట కూడా పోస్తాయి. పంజరం మీద తడి గోనెపట్టా వేయడం, ఎయిర్ కూలర్ పెట్టడం పొడి గాలి ఉన్న ఊళ్ళలో పనికొస్తాయి. ఈ సముద్రపు తేమలో గది ఆవిరిగదిలా మారుతుంది. ఏసీ 24 మీద పెట్టండి. కరెంటు పోతే ఇన్వర్టర్ ఏసీని లాగదు, కాబట్టి ఫ్రీజర్లో రెండు నీళ్ళ సీసాలు గడ్డకట్టించి ఉంచి, గుడ్డ చుట్టి పంజరంలో ఒక మూల పెట్టండి. చొంగ కారుతూ, ఎగశ్వాసతో చాపలా పడి ఉంటే వడదెబ్బ. చెవులు, పాదాలు చల్లని నీళ్ళతో తడుపుతూ డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. ఐసు నీళ్ళు పోయొద్దు.

మూడు వారాల మధ్యలో నెల్లూరు ప్రయాణం ఉంటే తిరిగొచ్చాకే తెండి. పక్కింటివాళ్ళు రెండు గదుల క్రమశిక్షణ పాటించరు.

కలిపే రోజు

21 రోజులు అయ్యాయి, తూకం బాగుంది, డాక్టరు సరే అన్నారు. ఇప్పుడు కూడా నేరుగా పాతదాని పంజరంలో వదలకండి. అది దాని ఇల్లు, కొత్తది దొంగ. ఇద్దరికీ కొత్తదైన చోట, ఆరేడు అడుగుల నేల మీద పాత నూలు దుప్పటి పరచండి. గచ్చు జారితే బెదురుతాయి.

పొద్దున ఆరింటికే మొదలుపెట్టండి. నాలుగైదు గంటలు పక్కనే కూర్చోవాలి.

మధ్యలో గరిక కుప్పగా పోయండి. గుళ్ళ దగ్గర అరుగంపుల్ అని అమ్మేదే, బాగా కడిగి. తినే నోరు కరవదు.

నీళ్ళ సీసాలు రెండు. గిన్నెలు రెండు. దాక్కునే డబ్బాలకి రెండేసి దారులు, ఒకే దారి ఉన్నది పెడితే లోపల మూలకి నెట్టి కొరుకుతుంది.

గుర్రుమంటూ నడుము ఊపుతూ చుట్టూ తిరగడం, మీదెక్కడం, తరమడం, మూతి పైకెత్తి నిలబడటం, వెనక వాసన చూడటం, ఇవన్నీ ఎవరు పెద్దో తేల్చుకోవడం. ఆడవి కూడా చేస్తాయి. కదిలించకండి.

పళ్ళు టకటకలాడిస్తూ వెంట్రుకలు నిక్కబొడుచుకుంటే కళ్ళార్పకుండా చూడండి.

రక్తం కనిపిస్తేనే విడదీయాలి. చేయి పెట్టకండి, ఎముక దాకా దిగుతాయి ఆ పళ్ళు. చెత్త ఎత్తే చేటని మధ్యలో దించండి, లేదా మందపాటి తువ్వాలు వేయండి.

జాలిపడి ప్రతి పది నిమిషాలకీ వేరు చేయకండి. వేరు చేసిన ప్రతిసారీ తగువు మొదటికొస్తుంది.

వాసన కలవాలని రెండింటికీ కలిపి స్నానం చేయించొద్దు.

పక్కపక్కన పడుకుని తినడం మొదలయ్యాకే పంజరంలోకి. పంజరం ముందే కడిగి, పాత పరుపు గుడ్డలన్నీ తీసేసి, సామాన్లు వేరే చోట పెట్టి.

రెండింటికి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు తక్కువలో తక్కువ. రెండు మగవైతే పది, పన్నెండు చదరపు అడుగులు. పక్షుల పంజరం వద్దు. తీగల అడుగు వద్దు, పాదాలు పుండ్లు పడతాయి.

కుదరకపోతే? పంజరాలు రెండూ పక్కపక్కన, మధ్యలో జాలీ. కాబట్టి రెండో పంజరం అమ్మేయకండి.

విటమిన్ సి కిలో బరువుకి రోజుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు. ఒక్కోదానికి 25, 30 గ్రాముల క్యాప్సికమ్ ముక్క చాలు. నీళ్ళలో చుక్కలు కలపొద్దు, పాడైపోతాయి. ముక్కలు రెండు చోట్ల పెట్టండి, లేకపోతే పెద్దది రెండూ తింటుంది.

అన్నం వద్దు. ఉల్లి, బంగాళాదుంప వద్దు.

పన్నెండు గంటలు తినకపోతే రేపు చూద్దామనుకోకండి.

కుక్కల గోమారి పొడి చల్లకండి.

అమాక్సిసిలిన్, యాంపిసిలిన్, పెన్సిలిన్ పేరున్నదేదీ నోటిలో పోయకండి. పేగుల్లో ఉండాల్సిన బ్యాక్టీరియాని చంపేస్తాయి, చెడ్డవి పెరిగి విషం కక్కుతాయి, రోజుల్లో ప్రాణం పోతుంది. కుక్కల డాక్టరు రాసినా "గినీ పిగ్‌కి ఇది ఇవ్వొచ్చా" అని ఒకసారి అడగండి.

కుందేళ్ళనీ గినీ పిగ్‌లనీ చూసే డాక్టరు ఎవరో కొనకముందే కనుక్కోండి. వేపేరి పశువైద్య కళాశాల ఆసుపత్రికి మీ ఇంటి నుంచి ఎంతసేపు పడుతుందో ఒక పొద్దున వెళ్ళి చూసి రండి.

కలిసిపోయాక ఒకదానికి ఒంట్లో బాగోలేక డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సి వస్తే, ఆయన వేరుగా ఉంచమంటే తప్ప, రెండింటినీ ఒకే బుట్టలో తీసుకెళ్ళండి. ఒక్కటే వెళ్ళి ఆసుపత్రి వాసనతో తిరిగొస్తే ఇంట్లో ఉన్నది దాన్ని కొత్తదనుకుంటుంది, దుప్పటి పరిచి మళ్ళీ నాలుగు గంటలు కూర్చోవాలి.