సాక్ష్యం మూడు నిమిషాల్లో చెప్పండి

నేను మెట్టుగూడలో బట్టలు కుడతాను. మా చర్చి సంఘంలో మొదటిసారి సాక్ష్యం, అంటే దేవుడు నా జీవితంలో ఏం చేశాడో, చెప్పినప్పుడు ఇరవై నిమిషాలు లాగాను. ముందు వరుసలో ఒక పెద్దాయన కునికిపాట్లు పడ్డారు. అప్పటి నుంచి మూడు నిమిషాలే.

జీవితమంతా చెప్పొద్దు, ఒక్క సంఘటన ఎంచుకోండి. నాదైతే, అమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించిన రోజులు. ఒక తెల్లవారుజామున ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, "ప్రభువా, నాకు ప్రార్థన కూడా రావట్లేదు" అన్నాను. అంతే నా ప్రార్థన. ఆ రోజు నుంచి లోపల వణుకు తగ్గింది. అమ్మ మాత్రం బతకలేదు. ఇలాంటి మాట దాచకండి. చాలామంది దాస్తారు, వినేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

సంఘం బయట సంఘం భాష వద్దు. లింగంపల్లి ఎంఎంటీఎస్ రైల్లో పక్క సీటు అక్కతో "నాకు రక్షణ దొరికింది" అంటే, పోలీసు రక్షణ అనుకుంది పాపం! ఇప్పుడు "మనసు కుదుటపడింది" అంటాను.

తెలియనిది తెలియదనండి. యోహాను సువార్త 9వ అధ్యాయంలో యేసు వల్ల చూపు వచ్చినవాణ్ణి పరిసయ్యులనే యూదు మతపెద్దలు నిలదీస్తే, తెలిసింది ఒక్కటే చెప్పాడు: అప్పుడు గుడ్డివాణ్ణి, ఇప్పుడు చూస్తున్నాను.

నా దగ్గర బోనాలకి జాకెట్లు కుట్టించుకునేవాళ్లు బోలెడుమంది. వాళ్ల దేవుళ్ల గురించి ఒక్క మాట అనను. అడిగితేనే నా సంగతి చెబుతాను, తర్వాత వాళ్లది వింటాను. వాళ్లు మాట మారిస్తే టేపు తీసి కొలతలు మొదలుపెడతాను.